‘వడ్డీ తగ్గిస్తాం’ అంటారు.. నిలువునా ముంచుతారు

ప్రొద్దుటూరులో బంగారు అంగడి, జమ్మలమడుగులో మగ్గం, పులివెందులలో చీనీ తోట. మూడూళ్ల రాబడి మూడు తీర్లు. క్రెడిట్ కార్డు బిల్లు మాత్రం ముగ్గురికీ నెల తిరిగేసరికి వచ్చి కూర్చుంటుంది. కట్టలేక వడ్డీలో చిక్కుకున్నవాళ్ల కోసమే కాచుకుని ఉన్న మోసం ఇది. దాని లోగుట్టు ఏమిటి? చిక్కుకుంటే బయటపడేదెలా? వడ్డీ నిజంగా తగ్గే దారులేవి?

‘‘నమస్కారం సార్, క్రెడిట్ కార్డు విభాగం నుంచి మాట్లాడుతున్నాం. మీ కార్డు మీద నెలకు మూడున్నర శాతం వడ్డీ పడుతోంది కదా. మీరు పాత కస్టమర్ కాబట్టి దాన్ని ఒక శాతానికి తగ్గిస్తున్నాం. ఈ అవకాశం ఈ రోజు సాయంత్రం వరకే.’’

మాట మర్యాదగా ఉంటుంది. తెలుగు చక్కగా ఉంటుంది. పేరు తెలుసు, ఏ బ్యాంకు కార్డో తెలుసు. వింటున్న మనిషి నాలుగు నెలలుగా కార్డు బాకీ పూర్తిగా కట్టలేక, కనీస మొత్తం కట్టి నెట్టుకొస్తున్నవాడైతే ఆ ఒక్క మాటే పట్టుకుంటాడు. ‘వడ్డీ తగ్గుతుందా? ఎట్లా?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్నతోనే మోసగాడి పని సగం అయిపోతుంది. మరో పది నిమిషాల్లో కార్డులో మిగిలిన లిమిట్ ఖాళీ అవుతుంది. లక్ష ఉన్న బాకీ రెండు లక్షలవుతుంది. ఆ రెండో లక్షకు కూడా అదే వడ్డీ!

మోసపోయినవాళ్ల గురించి లోకం తేలిగ్గా ఒక మాట అనేస్తుంది: అత్యాశకు పోయారని. లాటరీ తగిలిందన్న ఫోన్‌కు ఆ మాట అతుకుతుందేమో. ఈ మోసంలో చిక్కేవాళ్లు అప్పు ఎగ్గొట్టాలని చూసేవాళ్లు కారు. తీర్చాలని తపన పడేవాళ్లు. ఆ తపననే ఎరగా వాడుకునే దుర్మార్గం కాబట్టి దీన్ని మొదట్నుంచీ, లెక్కలతో సహా అర్థం చేసుకోవాలి.

నూటికి ఎన్ని రూపాయలు?

రాయలసీమలో వడ్డీని ఎవరూ ఏడాదికి ఇన్ని శాతాలని చెప్పరు. నూటికి నెలకు ఎన్ని రూపాయలన్నదే లెక్క. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24. తెలిసినవాళ్ల మధ్య ఒకటిన్నర, రెండు రూపాయలు మామూలు మాట. మూడు దాటితే ‘అమ్మో, అంత వడ్డీనా’ అని వెనక్కి తగ్గుతారు. పత్రం రాసుకునే ముందు నలుగురిని కనుక్కుంటారు.

అదే మనిషి క్రెడిట్ కార్డు తీసుకునేటప్పుడు వడ్డీ ఎంతని అడగడు. చాలా కార్డుల మీద నెలకు 3.5 నుంచి 3.75 శాతం దాకా వసూలు చేస్తున్నారు. మన లెక్కలో చెప్పాలంటే మూడున్నర రూపాయల వడ్డీ. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. రెండూ కలిపితే నాలుగు రూపాయల పదమూడు పైసలు. ఏడాదికి దాదాపు 50 శాతం. ఇంత వడ్డీకి ఊళ్లో ఎవరైనా అప్పిస్తామంటే గడప తొక్కనివ్వం.

లక్ష రూపాయల బాకీ ఉందనుకుందాం. నెలకు వడ్డీ 3,500, దాని మీద జీఎస్టీ 630. మొత్తం 4,130 రూపాయలు. కనీస మొత్తం కింద ఆ నెల 5,000 కట్టారనుకుంటే అసలులోకి జమయ్యేది 870 రూపాయలే. నెలంతా కష్టపడి ఐదు వేలు తెచ్చి కట్టినా అప్పు తొంభై తొమ్మిది వేల పైనే ఉంటుంది. పైగా బాకీ మిగిలి ఉన్నంతకాలం ఆ కార్డు మీద కొత్తగా ఏం కొన్నా వడ్డీ లేని గడువు వర్తించదు. కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీస్తే మరీ ఘోరం. తీసిన రోజు నుంచి వడ్డీ, దానికితోడు రుసుము.

ఈ వడ్డీకి పైకప్పు ఉండాలన్న వాదన కోర్టుల దాకా వెళ్లింది. గడువు దాటిన కార్డు బాకీల మీద ఏడాదికి 30 శాతం మించి వడ్డీ తీసుకోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2008 జూలైలో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు ఇచ్చింది. బ్యాంకులు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. పదహారేళ్ల తర్వాత 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అంటే, ఇంతకు మించి తీసుకోకూడదన్న 30 శాతం గీత ఇప్పుడు లేదు. వడ్డీ తగ్గిస్తామంటూ ఫోన్ చేసేవాడికి సరుకు దొరుకుతున్నది ఇక్కడే. వాడి మాట అబద్ధం, మన మీద పడుతున్న వడ్డీ మాత్రం నిజం.

మూడూళ్లు.. మూడు రాబడులు

ప్రొద్దుటూరుకు రెండో ముంబై అని పేరు. బంగారం, బట్టల వ్యాపారం ఊరికి ఊపిరి. అక్కడి అంగడి లెక్క సీజన్ లెక్క. పెళ్లిళ్ల ముహూర్తాలు, దసరా, సంక్రాంతి వస్తే గల్లాపెట్టె నిండుతుంది. మూఢం వచ్చిందా, అంగట్లో ఈగలు తోలుకోవాలి. సరుకు తెచ్చినందుకు, అంగడి బాడుగకు, పిల్లల ఫీజులకు మాత్రం ప్రతి నెలా దుడ్లు కావాలి. ఆ సందులోకి కార్డు వచ్చింది.

జమ్మలమడుగు పెన్నా ఒడ్డున, గండికోటకు వెళ్లే దారిలో ఉన్న ఊరు. పట్టణంలోనూ పక్కనున్న మోరగుడిలోనూ మగ్గాల చప్పుడు తరతరాలుగా ఉంది. నేతగాడికి నెల జీతమంటూ లేదు. చీర నేసి ఇచ్చాకే కూలి. పట్టు ధర పెరిగితే, వానకు గుంట మగ్గంలోకి తడి చేరితే ఆ వారం కూలి తగ్గుతుంది. దగ్గర్లోని ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, రాయలసీమ తాప విద్యుత్ కేంద్రం ఉన్నాయి. నెల జీతగాళ్లకు బ్యాంకులు పిలిచి కార్డు ఇస్తాయి. కాంట్రాక్టు కార్మికుడికి రెండు నెలలు జీతం ఆలస్యమైతే కార్డే దిక్కు.

పులివెందుల అంటే చీనీ, అరటి. చీనీ చెట్టు నాటిన ఏడాదే కాపు ఇవ్వదు. కాపుకొచ్చాక కూడా కోత కోసి, వ్యాపారి టన్నుకు రేటు కట్టి, తూకం వేసి, దుడ్లు చేతిలో పెట్టిన రోజే రైతుకు పండగ. ఆ రోజు ఏడాదికి ఒకసారి, రెండుసార్లు వస్తుంది. డ్రిప్పు పైపులకు, మందులకు, బోరు మోటారు రిపేరుకు మాత్రం ఎప్పుడు ఎంత కావాలో భూమికే తెలుసు.

ముగ్గురి చేతిలోనూ ఉన్న కార్డు ఒక్కటే. దానికి ముహూర్తాలు తెలియవు, వార్పు దిగిందా లేదా తెలియదు, చీనీ కోతకొచ్చిందో లేదో తెలియదు. బిల్లు వచ్చాక రెండు, మూడు వారాల్లో కట్టాలి. నెల జీతం ఒకటో తారీఖున ఖాతాలో పడే మనిషిని దృష్టిలో పెట్టుకుని తయారైన అప్పు అది. పంట మీద, సీజన్ మీద, కూలి మీద బతికే ప్రాంతానికి వచ్చేసరికి కనీస మొత్తం కట్టడమే అలవాటవుతుంది. ఆ అలవాటు వెంటే వడ్డీ, వడ్డీ వెంటే మోసగాడి ఫోన్ వస్తాయి. చదువు తక్కువై మోసపోతున్నారనుకుంటే పొరపాటు. రాబడికీ బాకీకీ గడువులు కుదరనివాళ్లంతా ఈ ఫోన్‌కు దగ్గరలోనే ఉన్నారు. వాళ్లలో టీచర్లున్నారు, ఇంజినీర్లున్నారు.

ఆ పది నిమిషాల్లో..

మొదట నమ్మకం. ‘మీ కార్డు నంబరు ఫలానా అంకెలతో మొదలవుతుంది, సరేనా సార్?’ అంటాడు. మనం కార్డు తీసి చూస్తే సరిగ్గానే ఉంటుంది. బ్యాంకువాడు కాకపోతే ఎట్లా తెలుస్తుందనుకుంటాం. కార్డు మీది మొదటి ఆరు అంకెలు ఏ బ్యాంకు, ఏ రకం కార్డు అన్నది చెప్పే అంకెలు. అదే రకం కార్డున్న వేలమందికి అవి ఒకటే. వాటిని చెప్పినంత మాత్రాన మన ఖాతా గురించి వాడికి ఏమీ తెలిసినట్టు కాదు.

తర్వాత తొందర. సాయంత్రం వరకే, కొద్దిమందికే అంటాడు. పక్కనున్న కొడుకునో అల్లుణ్నో అడిగేంత వ్యవధి మనకు ఇవ్వకూడదు, అదీ దాని ఉద్దేశం. ఫోన్ పెట్టేసి మళ్లీ చేస్తామంటే ఒప్పుకోడు.

ఆ తర్వాత ‘వెరిఫికేషన్’. మిగతా అంకెలు, గడువు తేదీ, వెనకవైపున్న మూడంకెల సీవీవీ ఒక్కొక్కటే రాబడతాడు. ఈలోగా అటువైపు ఇంకొకడు ఏదో వెబ్‌సైట్‌లో ఆ వివరాలు కొడుతుంటాడు. మన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఆన్‌లైన్‌లో కార్డు వాడాలంటే ఇలాంటి అదనపు తాళం ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2009 ఆగస్టు నుంచే నిబంధన పెట్టింది. ఆ తాళం తీసి ఇవ్వమని అడగడానికే ఇంత నాటకం. మెసేజ్‌లో ఎంత మొత్తం, ఏ సంస్థకు పోతోంది అని ఇంగ్లిషులో స్పష్టంగా ఉంటుంది. చెవిలో మాత్రం తెలుగులో ‘మీ బాకీని కొత్త వడ్డీలోకి మార్చే కోడ్ సార్, చెప్పండి’ అని వినిపిస్తూ ఉంటుంది. కన్ను చదివేలోపే, చెవి విన్నది నమ్మి నోరు ఆ కోడ్ అప్పజెప్పేస్తుంది.

ఇది ఒక పద్ధతి. మిగతావీ తెలిసి ఉండాలి. 

వాట్సాప్‌లో బ్యాంకు బొమ్మతో ఒక ఏపీకే ఫైలు పంపి, వడ్డీ తగ్గింపు దరఖాస్తు అంటారు. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే మన మెసేజ్‌లు వాళ్లకు చేరిపోతాయి. ఓటీపీ అడగాల్సిన పని కూడా ఉండదు. 

‘మీకు నేర్పిస్తాం’ అంటూ ఎనీడెస్క్ లాంటి స్క్రీన్ షేరింగ్ యాప్ పెట్టిస్తారు. మన తెర మీద కనిపించేదంతా వాళ్లూ చూస్తారు. 

ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ ముందుగా కట్టమని యూపీఐ నంబరు ఇస్తారు. కట్టాక ఇంకో ఫీజు, ఆ తర్వాత మరొకటి. 

మన కార్డు మీదే మన చేత అప్పు తీయిస్తారు. ఆ సొమ్ము ఖాతాలో పడగానే ‘పాత బాకీ మూసేయడానికి ఈ ఖాతాకు పంపండి’ అంటారు. పాత బాకీ అట్లాగే ఉంటుంది, కొత్త అప్పు దాని మీద చేరుతుంది. 

ఊళ్లలో ఇంకో రకం కూడా ఉంది. ‘మీ బిల్లు మేం కట్టేస్తాం, తర్వాత మీ కార్డు స్వైప్ చేసుకుంటాం, నూటికి ఇంత కమీషన్’ అని తిప్పే ఏజెంట్లు. నెలనెలా తిప్పడం వల్ల అప్పు తీరదు, కమీషన్ చేరి పెరుగుతుంది. కార్డు, పిన్ వాళ్ల చేతిలో పెట్టాక ఏ రోజు ఏం జరుగుతుందో చెప్పలేం.

ఫోన్ ఎక్కణ్నుంచి వస్తుంది?

2021 డిసెంబరులో సైబరాబాద్ పోలీసులు బయటపెట్టిన కేసు ఈ వ్యాపారం ఎట్లా నడుస్తుందో చూపించింది. ఢిల్లీ ఉత్తమ్‌నగర్‌లో ఒక ముఠా ఎస్‌బీఐ పేరుతో ఏకంగా నకిలీ కాల్‌సెంటర్ పెట్టింది. ప్రత్యేక యాప్ వాడి, ఫోన్ తెర మీద ఎస్‌బీఐ అసలు కస్టమర్ కేర్ నంబరే కనిపించేట్టు చేసింది. అనుమానం వచ్చి ఆ నంబరు సరిచూసుకున్నవాళ్లు కూడా, అది నిజమైన నంబరే కాబట్టి నమ్మి మోసపోయారు. ఏడాదిలో దాదాపు 33 వేల కాల్స్ చేశారని, దేశవ్యాప్తంగా రెండు వందలకు పైగా కేసులు ఈ ముఠాతో ముడిపడి ఉన్నాయని పోలీసులు ప్రకటించారు. తెర మీద కనిపించే నంబరును నమ్మడానికి లేదని ఆ కేసు తేల్చి చెప్పింది.

మన పేరు, బ్యాంకు వాళ్లకెట్లా తెలిసిందన్న ప్రశ్నకు 2023లో అదే సైబరాబాద్ పోలీసుల దర్యాప్తులు జవాబిచ్చాయి. మార్చిలో పట్టుబడ్డ ముఠా దగ్గర 16.8 కోట్ల మంది వివరాలు అమ్మకానికి ఉన్నాయి. ఏప్రిల్ మొదట్లో దొరికిన మరో నిందితుడి దగ్గర 66.9 కోట్ల మంది వ్యక్తులు, సంస్థల సమాచారం ఉంది. కాబట్టి ఫోన్‌లో మన పేరు పలికినవాడు మనకు తెలిసినవాడూ కాదు, బ్యాంకువాడూ కాదు. మన వివరాలు కొనుక్కున్నవాడు.

‘తెలుగులో మాట్లాడాడు, మనవాడే అనుకున్నా’ అనే మాటకు వెనక ఇంకో దుఃఖం ఉంది. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు ఒక మానవ అక్రమ రవాణా ముఠాను పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి ఆంధ్ర యువకులను కంబోడియాకు పంపి, అక్కడ గదుల్లో బంధించి, మనవాళ్లకే ఫోన్లు చేయించి సైబర్ మోసాలు చేయించారు. చెప్పినట్టు చేయకపోతే తిండి పెట్టలేదు, కొట్టారు. అలాంటి చోట్ల నుంచి వచ్చే ఫోన్‌లో వినిపించే తెలుగు, చిక్కుకుపోయిన మన ఇంటి పిల్లాడిది కూడా కావచ్చు.

పోయిన సొమ్ము నిలిచేది మన జిల్లాల్లోని ఖాతాల్లోనూ కావచ్చు. ‘నీ బ్యాంకు ఖాతా, సిమ్ము కొన్నాళ్లు మాకివ్వు, కమీషన్ ఇస్తాం’ అనే బేరం కాలేజీ పిల్లల దగ్గరికి వస్తుంది. ప్రొద్దుటూరు, పులివెందుల ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివే పిల్లలకు తల్లిదండ్రులు ఈ విషయం విడమరిచి చెప్పాలి. మోసపు సొమ్ము మీ ఖాతాలోంచి పోతే పోలీసులు మొదట వచ్చేది మీ ఇంటికే. నాలుగు వేల కమీషన్ కోసం కేసులో ఇరుక్కుంటే ఉద్యోగం, పాస్‌పోర్టు అన్నీ దానితో ముడిపడతాయి.

దేశం మొత్తం మీద సైబర్ మోసాల్లో జనం పోగొట్టుకున్నామని ఫిర్యాదు చేసిన మొత్తం 2023లో 7,465 కోట్ల రూపాయలు. 2024లో అది 22,845 కోట్లకు చేరిందని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఒక్క ఏడాదిలో మూడింతలు.

అమెరికాలో ‘రేచల్’ కథ

ఈ మోసం అమెరికాలోనూ పాతదే. మన జిల్లాల నుంచి అక్కడికి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలకు ఈ ఫోన్ బాగా తెలుసు. ‘కార్డ్ హోల్డర్ సర్వీసెస్ నుంచి రేచల్’ అంటూ ముందే రికార్డు చేసిన ఆడ గొంతు ఏళ్ల తరబడి లక్షల ఇళ్లలో మోగింది. వడ్డీ తగ్గిస్తామని చెప్పి, వందల డాలర్లు ముందుగా తీసుకుని, మాయమయ్యేవాళ్లు. 2012 నవంబరులో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి కాల్స్ వెనకున్న ఐదు సంస్థల మీద ఒకేసారి కేసులు వేసింది.

అంతకు రెండేళ్ల ముందే కమిషన్ ఒక గట్టి నిబంధన తెచ్చింది. ఫోన్ ద్వారా అప్పు తగ్గిస్తామని చెప్పే ఏ సంస్థా, పని చేసి చూపించకముందు ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు. 2010 అక్టోబరు 27 నుంచి అది అమల్లోకి వచ్చింది. మోసాన్ని పసిగట్టే గీటురాయి అందులోనే ఉంది. వడ్డీ తగ్గించడానికి ముందుగా డబ్బు అడిగారంటే అది మోసమే. ఆ నిబంధన అమెరికాది కావచ్చు, మన ఇంట్లో దాన్ని పాటించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మోసపోతే మొదటి గంటలో చేయాల్సినవి

• కార్డును వెంటనే బ్లాక్ చేయాలి. బ్యాంకు యాప్‌లో, లేదా కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేసి. గూగుల్‌లో వెతికి దొరికిన నంబరుకు చేయొద్దు. అక్కడా మోసగాళ్లు నంబర్లు పెట్టి ఉంచుతారు.

• సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత పోయింది, ఎప్పుడు, లావాదేవీ నంబరు ఏమిటి అన్నవి చేతిలో ఉంచుకోవాలి. ఆ సమాచారం బ్యాంకులకు, వాలెట్లకు చేరి, దారిలో ఉన్న సొమ్మును ఆపే వీలుంటుంది. చేతులు మారేకొద్దీ ఆగే అవకాశం తగ్గుతుంది.

• సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, రసీదు నంబరు రాసుకోవాలి.

• బ్యాంకుకు రాతపూర్వకంగా, ఇది మోసపు లావాదేవీ అని తెలపాలి. ఆ వివాదం తేలేవరకు ఆ లావాదేవీ మీద చార్జీలు వేయకూడదని రిజర్వ్ బ్యాంకు ఆదేశాలు చెబుతున్నాయి.

• దగ్గరి పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ నమోదు చేయించుకునే వీలు 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో ఉంది. ‘మా పరిధి కాదు’ అన్న మాటతో వెనక్కి రావద్దు.

• ఏపీకే ఫైలు ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఫోన్‌లో నెట్ ఆపేయాలి. వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డ్‌లు, యూపీఐ పిన్ మార్చాలి.

• బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. సలహాకు 14448. దీనికి రుసుము లేదు.

‘పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాం’ అంటూ ఆ తర్వాత ఇంకో ఫోన్ వస్తుంది. అదీ మోసమే.

గంట విలువ

ఆలస్యం ఎందుకు చేయకూడదో 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ చదివితే తెలుస్తుంది. మన తప్పు లేకుండా, బ్యాంకు తప్పూ లేకుండా సొమ్ము పోతే, మూడు పనిదినాల్లో చెప్పినప్పుడు మన మీద భారం ఉండదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే కొంత పరిమితి వరకు మనం భరించాలి. ఐదు లక్షల లోపు లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుకు ఆ పరిమితి పది వేల రూపాయలు. ఓటీపీ మనమే చెప్పేశామనుకోండి, బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టం మనదే. తెలియజేసిన తర్వాత జరిగేదంతా బ్యాంకుది. కస్టమర్‌దే తప్పని నిరూపించే బాధ్యత కూడా బ్యాంకు మీదే పెట్టారు. అందుకే, ఓటీపీ చెప్పి తప్పు చేశాం కదా, ఇక చేసేదేముందని కూలబడకూడదు. మొదటి లావాదేవీ తర్వాత ఫోన్ చేస్తే రెండోది, మూడోది ఆగుతాయి.

ఇంత తెలిసినా చాలామంది ఆ గంటను పోగొట్టుకుంటున్నారు. కారణం సిగ్గు. ప్రొద్దుటూరు లాంటి ఊళ్లో నోటిమాట మీద లక్షలు చేతులు మారతాయి. ‘ఫలానావాడు ఫోన్‌లో మోసపోయాడంట’ అన్న మాట బజారున పడితే వ్యాపారంలో పరపతి పోతుందన్న భయం. ఇంట్లో చెబితే కార్డు మీద అంత బాకీ ఉందన్న సంగతీ బయటపడుతుంది. భార్యకు తెలియకుండా భర్త, తండ్రికి తెలియకుండా కొడుకు దాచుకుంటారు. దాచిన రాత్రి మోసగాడికి దొరికిన గడువు.

ఇక్కడ ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగు చేయగలిగింది చాలా ఉంది. ‘చదువుకుని కూడా అంత తెలివి లేకపోయిందా’ అన్న ఒక్క మాట చాలు, రెండోసారి ఎవరూ నోరు విప్పరు. ‘ఏం పర్వాలేదు అబ్బీ, ముందు 1930కి ఫోన్ చేద్దాం పా’ అనేవాళ్లు పక్కనుంటే దుడ్లలో కొంతైనా నిలుస్తాయి. మనిషి నిలుస్తాడు. అప్పుల అవమానం మోయలేక ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లను ఈ సీమ చాలామందిని చూసింది. ఆ జాబితాలో ఒక ఫోన్ కాల్ వల్ల ఇంకో పేరు చేరకూడదు.

వడ్డీ నిజంగా తగ్గే దారులు

వడ్డీ తగ్గించుకోవాలన్న కోరిక న్యాయమైనది. దానికి దారులూ ఉన్నాయి. అన్నీ మనం వెళ్లి అడిగితే తెరుచుకునేవే.

మొదటిది, అదే బ్యాంకును అడగడం. కార్డు వెనకున్న నంబరుకు మనమే ఫోన్ చేసి, లేదా యాప్‌లో, లేదా బ్రాంచికి వెళ్లి బాకీని ఈఎంఐలుగా మార్చమని కోరాలి. ఆ వడ్డీ సాధారణంగా కార్డు వడ్డీలో సగం కంటే తక్కువే ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజు ఎంత, వడ్డీ మీద జీఎస్టీ ఎంత, ముందే తీర్చేస్తే జరిమానా ఉందా అన్న మూడు సంగతులు అడిగి తేల్చుకోవాలి.

రెండోది బంగారం. ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఇళ్లలో ఎంతో కొంత బంగారం ఉంటుంది. బ్యాంకుల్లో బంగారు రుణాల వడ్డీ ఏడాదికి పది శాతం అటూఇటుగా ఉంటోంది. అంటే రూపాయి లోపు వడ్డీ. లక్షకు నెలకు సుమారు 830 రూపాయలు. కార్డు మీదైతే జీఎస్టీతో కలిపి 4,130. మెడలో గొలుసు కుదువ పెట్టడం నామోషీ అనుకుని నాలుగు రూపాయల వడ్డీ కట్టడంలో అర్థం లేదు. ఒక్కటే జాగ్రత్త. బాకీ తీర్చాక కార్డును మళ్లీ గీకితే అప్పులు రెండవుతాయి.

మూడోది వ్యక్తిగత రుణం, లేదా వడ్డీ తక్కువున్న వేరే కార్డుకు బాకీ బదిలీ. ఇక్కడా ఆ తగ్గింపు వడ్డీ ఎన్ని నెలలకు, ఆ తర్వాత ఎంత అన్నది చూసుకోవాలి.

ఇవేవీ కుదరని ఇబ్బందిలో ఉంటే బ్యాంకుకు ఉన్న పరిస్థితి ఉన్నట్టు రాతలో చెప్పాలి. సెటిల్‌మెంట్‌కు ఒప్పుకుంటే బాకీ కొంత తగ్గుతుంది. సిబిల్ నివేదికలో మాత్రం ‘సెటిల్డ్’ అన్న మాట మిగిలి, రేపు ఇంటి రుణానికో, పిల్లల చదువు రుణానికో అడ్డుపడుతుంది. అందుకే అది ఆఖరి దారి. కార్డు వద్దనుకుంటే బాకీ తీర్చి మూసేయమని అడగొచ్చు. అడిగిన ఏడు పనిదినాల్లో మూయకపోతే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే మనకు చెల్లించాలన్నది నిబంధన.

బ్యాంకులకు కొన్ని మాటలు

మోసపోకండని జనానికి చెప్పడం తేలిక. మెసేజ్‌లు పంపి, పోస్టర్లు అంటించి బాధ్యత తీరిందనుకుంటే చాలదు.

కార్డు నిబంధనలు స్పష్టంగా, సరళంగా, వీలైతే స్థానిక భాషలో ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2022 ఆదేశాల్లోనే ఉంది. అయినా బిల్లు, ఓటీపీ మెసేజ్, వడ్డీ వివరాలు ఇంగ్లిషులోనే ఎందుకు వస్తున్నాయి? ‘మీ కార్డు నుంచి 48 వేలు పోబోతున్నాయి’ అని తెలుగులో ఒక్క మెసేజ్ వస్తే ఎన్ని చేతులు ఆగిపోయేవో! బిల్లు మీద ‘నూటికి నెలకు మూడున్నర రూపాయల వడ్డీ’ అని మన లెక్కలో అచ్చు వేస్తే ఎన్ని కుటుంబాలు ఆ కార్డు జోలికి పోకుండా ఉండేవో! సేవలకు సంబంధించిన ఫోన్లు 1600తో మొదలయ్యే నంబర్ల నుంచి, ప్రచారపు ఫోన్లు 140తో మొదలయ్యే నంబర్ల నుంచి చేయాలని 2025 జనవరిలో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. మంచి నిర్ణయం. పల్లెలో ఉన్న చీనీ రైతుకు ఆ సంగతి చెప్పిందెవరు?

కార్డు అమ్మేటప్పుడు సంత దాకా వచ్చే ఏజెంటు, మోసపోయినప్పుడు ఎక్కడా కనిపించడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల లాంటి పట్టణాల్లో ప్రతి ప్రధాన బ్రాంచిలో మోసాల ఫిర్యాదు తీసుకునే ఒక మనిషి కూర్చోవాలి. ఆన్‌లైన్‌లో పెట్టండి అని పంపించేయకుండా, ఎదుట కూర్చోబెట్టుకుని 1930కి ఫోన్ చేయించే మనిషి కావాలి. పంట మీద బతికేవాడికి నెలవారీ కార్డు అంటగట్టే ముందు అతని రాబడి ఎప్పుడొస్తుందో బ్యాంకు అడగాలి. అడగకుండా ఇచ్చిన అప్పు ఎటు దారితీస్తుందో బ్యాంకులకు తెలియనిది కాదు.

ఈ ఆదివారం ఇంట్లో ఉన్న కార్డు బిల్లులు ఒకసారి బయటికి తీయండి. మొత్తం బాకీ ఎంత, నెలకు వడ్డీ శాతం ఎంత, ఈ నెల కట్టినదాంట్లో అసలుకు జమయింది ఎంత అని మూడు అంకెలు కాగితం మీద రాసి, ఇంట్లో అందరికీ చూపించండి. బాకీ దాపరికం లేని ఇంట్లో మోసగాడి మాటకు బలం ఉండదు. సోమవారం బ్రాంచికి వెళ్లి ఈఎంఐ సంగతి అడగండి. వడ్డీ తగ్గాలంటే ఫోన్ చేయాల్సింది మనం. మనకు వచ్చే ఫోన్‌తో వడ్డీ తగ్గదు.